నిమిషంలో దొరికిన ఫైలు

ఆసుపత్రి రికార్డుల గదిలో ఇరవై రెండేళ్లు చాకిరీ చేసినందుకు ఫైళ్లాయనకు దక్కిన సన్మానం ఒక మెమో. కొందరి ఫైలు నిమిషంలో వస్తోందట, కొందరిది అరగంటకు గాని రావడం లేదట. సూపరింటెండెంటుగారి చురుకైన బుర్రకు దీనికి ఒకటే కారణం తోచింది: లంచం. విచారణ పెడితే నిజం తేలిపోతుందని కాబోలు, ఆ జోలికి మాత్రం పోలేదు. ఫైళ్లాయన్ని నేరుగా నేలమాళిగకు దింపేశారు.

అసలు సంగతి తెలుసుకోవడానికి బుర్ర కూడా అక్కర్లేదు, కళ్లుంటే చాలు. లక్ష ఫైళ్లు కింద నేలమాళిగలో ఉంటాయి. దిగి, వెతికి, ఎక్కి వచ్చేసరికి అరగంట. అంతసేపూ డాక్టరు పేపరు చదువుకోవాలి. నిన్న కట్టు కట్టించుకున్నవాడు రేపు దాన్ని మార్పించుకోవడానికి రాక తప్పదు కదా. అలాంటివాళ్ల ఫైళ్లు ఓ నలభైదాకా తన బల్ల పక్క చెక్క అరలో ఉంచుకునేవాడు ఫైళ్లాయన. కొత్తది పెట్టాల్సి వస్తే, ఎన్నాళ్లుగానో ఎవరూ అడగనిదాన్ని కిందికి పంపేవాడు.

మెమోతో పాటు ఆ అరనూ పీకించారు. ఇప్పుడు అందరికీ సమానంగా అరగంట. న్యాయం జరిగింది.

ఇంట్లో బామ్మర్ది, "ఏం బావా, మూటలు ఏ అటక మీద దాచావ్?" అని ఇకిలించాడు. భార్య ఏడవలేదు, అరవలేదు. "తీసుకుంటే తీసుకున్నారు, నాకు మాటమాత్రం చెప్పలేదేం?" అంది.

రెండేళ్లకు ఆసుపత్రికి కొత్త కంప్యూటరొచ్చింది. ఫైళ్లాయన ఫైళ్ల మోపుతో పైకొచ్చేసరికి, ఇంజనీరు సూపరింటెండెంటుకు దాని గొప్పలు చెబుతున్నాడు.

"ఇందులో క్యాష్ ఎక్కువ సార్. అందుకే ఇంత స్పీడు."

"దీనిక్కూడా క్యాష్ ముట్టజెప్పాలా?"

"అయ్యో, ఆ క్యాష్ కాదండీ! ప్రాసెసర్‌ది మహా వేగం. మెయిన్ మెమరీ దూరం, నిదానం. ప్రతిదానికీ అక్కడిదాకా పోతే, వచ్చేదాకా ప్రాసెసర్ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. అందుకని ఇప్పుడే వాడినవి, మళ్లీ కావాల్సినవి పక్కనే చిన్న మెమరీలో పెట్టుకుంటుంది. అదే క్యాష్. అందులో దొరికితే చిటికెలో పని, లేకపోతే ఆలస్యం."

"మరి అన్నీ అందులోనే పెట్టేయొచ్చుగా?"

"పెద్దదయ్యేకొద్దీ అదీ నిదానిస్తుంది సార్. పైగా ఖరీదు."

"భలే! ఎవడికి తట్టిందయ్యా ఇంత తెలివి!"

చిప్పు కాబట్టి దానికి మెమో ఇవ్వలేదు. సూపరింటెండెంటు చూపు మాత్రం ఒక్కసారి ఫైళ్ల మోపు మీద పడింది. వెంటనే ఆయనకు కిటికీ బయట ఏదో అవసరమైన పని కనిపించింది.

తన పదవీ విరమణ నాడు మాత్రం సూపరింటెండెంటుగారు ఫైళ్లాయన్ని పిలిపించి, భుజం తట్టారు. "ఆర్డరేస్తానయ్యా, మళ్లీ పైకి వచ్చేయ్. నీ చెక్క అర కూడా పెట్టించుకో" అన్నారు. మెమో ఊసు ఎత్తలేదు.

"పైకి రాకపోయినా పర్లేదు సార్" అన్నాడు ఫైళ్లాయన. "వీడు డబ్బు తీసుకోలేదని ఒక్క ముక్క రాసివ్వండి. మా ఆవిడకి చూపించాలి."