కంచం చుట్టూ నలభై రెండు సంతకాలు

పోచన్నది జగిత్యాల దగ్గరి పల్లె. ఒమన్ దేశపు దుక్మ్ రేవులో పద్నాలుగేళ్లుగా ఇనుప గొట్టాల పరంజాలు కడుతున్నాడు. అవన్నీ ఒకదానిపై ఒకటి నిలబెడితే చందమామ మీద లుంగీ ఆరేయొచ్చు. కట్టిన ప్రతిదానికీ ట్యాగ్ తగిలించి, తనిఖీ చేశానని పేరు, బ్యాడ్జి నంబరు, తేదీ రాస్తే గాని అతనికి అన్నం సహించదు.

లేబర్ క్యాంపు రూమ్‌లో పక్క మంచం కోజోది. ఘానా వెల్డరు. శుక్రవారం చేపల పులుసు ఉడికేలోపు తన తాత బోటెంగ్ కథ హిందీలో చెప్పేవాడు. బోటెంగ్ రైల్వే షెడ్డులో కూలీ. తెల్లదొరల మీద సమ్మె చేయించాడు, స్వాతంత్ర్యం రాగానే మంత్రి అయ్యాడు. సైన్యం గద్దెనెక్కితే జైలుకు పోయాడు. నాలుగేళ్లకు బయటికొచ్చి మళ్లీ గెలిచాడు. ఆ ప్రభుత్వాన్నీ సైన్యం పడగొట్టాక, ఇక చాలనుకుని కోకో తోట చూసుకున్నాడు.

పోచన్నకు నచ్చింది మంత్రి పదవి కాదు, సమ్మె అర్జీ. ముందు పెట్టిందెవరో దొరకు తెలియకుండా సంతకాలు గుండ్రంగా పెట్టించాడట.

ఆ జూన్‌లో ఎండకు మధ్యాహ్నం పని ఆపే మూడు గంటలూ కూలీలను సైట్‌లోనే, రేకుల కింద పడుకోబెడుతున్నారు. క్యాంపుకు పోయి పడుకోవడానికి బస్సు కావాలి. అడిగినవాడి వీసా పొడిగించరేమోనని అందరికీ భయం. పోచన్న వీసా ఆ నెలాఖరుకే అయిపోతుంది.

"కంచం తేరా నర్సింగ్," అని రూమ్‌లో కుర్రాణ్ని కేకేశాడు. కాగితం మీద బోర్లించి గీత గీశాడు. లోపల అర్జీ, చుట్టూ నలభై రెండు సంతకాలు, వేలిముద్రలు.

అర్జీ ఆఫీసుకు చేరిన మర్నాడు క్యాంప్ ఇన్‌ఛార్జి అఖీల్ పోచన్నను ఒక్కణ్నే పిలిచాడు. ఆయనది హైదరాబాదు.

"లీడరెవరు మియా?"

"లీడర్ లేడు సార్. గుండ్రంగుంది సూడుండ్రి."

"మరి అడుగున చెక్‌డ్ బై పోచన్న, నంబరు, తేదీ... ఎవరు రాసిన్రు? మీ అయ్యనా?"

పోచన్న కాగితం చూశాడు. పద్నాలుగేళ్లుగా అలవాటైన చెయ్యి, అడక్కుండానే రాసేసింది. ఇక బస్సు కాదు, విమానమే అనుకున్నాడు.

"నేనే సార్. నేను చెక్ చేసింది ఇంతవరకు కూలలే."

అఖీల్ నవ్వాడో దగ్గాడో తెలియలేదు. "బస్సు పంపిస్త. తలకాయలు నువ్వే లెక్కపెట్టాలె. ఒక్కడు తప్పినా నిన్నే అడుగుత."

"నా వీసా సార్?"

"లెక్కపెట్టేటోడు పోతే బస్సెట్ల నడుస్తది?"

సోమవారం పన్నెండున్నరకు బస్సొచ్చింది. నలభై ఒక్కమందీ ఎక్కి సీట్లు పట్టారు. అందరినీ లెక్కపెట్టి చివరన ఎక్కిన పోచన్నకు సీటు దొరకలేదు. తలుపు దగ్గరి కడ్డీ పట్టుకుని, క్యాంపు దాకా నిలబడే కునికాడు.