ఇంటాయన పచ్చరంగు
ఇంటాయన రోజూ పొద్దున్నే తాళంచెవితో చెవి గోక్కుంటూ, బొజ్జ ముందుకు తోసుకుని వాటాలన్నీ ఒక చుట్టు చుట్టి వస్తాడు. వీధివైపు గోడకు ఏటా కొత్త రంగు వేయిస్తాడు. అద్దెకున్నవాళ్ల గదుల్లో మాత్రం తండ్రి కాలం నాటి పచ్చరంగే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటుంది. "అలాంటి సరుకు ఇప్పుడు దొరకదండీ" అని మురిసిపోతాడు. వెనకవాటాలో బట్టలు కుట్టుకునే ఆమె కూతురికి రెండేళ్లు. ఆ పిల్ల పెచ్చులు ఏరుకుని తినేది. మొహం పాలిపోయింది, వచ్చిన నాలుగు మాటలూ మర్చిపోయింది.

ఒకరోజు ఆసుపత్రి నర్సు ఆ పిల్ల రక్తపరీక్ష కాగితం పట్టుకుని నేరుగా ఇంటాయన దగ్గరకే వచ్చింది. "ఒంట్లో ఇనుము తక్కువైతే పిల్లలు ఇలా గోడలు గీక్కు తింటారండీ. పైగా అలాంటి ఒంట్లోకి సీసం తొందరగా ఎక్కుతుంది. మీ రంగులో సీసం ఉంది, గీకించెయ్యండి."

"పిల్లకి కడుపునిండా తిండి పెట్టమనండి. గోడలు తినమని నేను చెప్పానా?" అని తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు.

అంతలో సెలవులకు వచ్చిన ఆయన మనవరాలు ఆడుకుంటూ వెళ్లి వెనకవాటా గోడకు చేతులు ఆనించింది. ఇంటాయన చెప్పులు ఊడిపోతున్నా ఆగకుండా పరుగెత్తాడు. పిల్లను కుళాయి దగ్గరకు లాక్కొచ్చి, సబ్బుతో ఒక్కొక్క వేలూ రుద్దాడు.

"ఆ గోడలు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానే! విషం తల్లీ అది!"

వెనకవాటా ఆమె కూతుర్ని ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఎన్నాళ్లనుంచి చెబుతున్నారు బాబాయిగారూ?" అని అడిగింది.

ఇంటాయన కుళాయి ఇంకాస్త పెద్దగా తిప్పి, మనవరాలి రెండో చెయ్యి అందుకున్నాడు.