ఒక్క కన్నే తడిసిన కుక్క

2022 అక్టోబరు. ఆదిలాబాద్ జిల్లా పశువైద్యశాలల్లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత కరీంనగర్‌లో ఒక పెట్ క్లినిక్‌లో సహాయకురాలిగా చేరి అప్పటికి మూడేళ్ళు. ఎడ్లకూ బర్రెలకూ సూదులు వేసిన చేతులు కుక్కల నోళ్ళలోకి వచ్చాయి. పని తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

పళ్ళ కేసులు మా దగ్గరికి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి. కుక్క పన్ను నొచ్చిందని మూలగదు. ఒక పక్కనే నములుతుంది, గట్టిది వదిలేస్తుంది, నోరు కంపు కొడుతుంది. ఇంట్లోవాళ్ళు మొదటి రెండింటినీ మారాం అనుకుంటారు, మూడోది కుక్క వాసన అనుకుంటారు.

ఆ మంగళవారం సిరిసిల్ల వైపు నుంచి అత్తాకోడళ్ళు ఆటోలో ఒక ముసలి కుక్కను తెచ్చారు. మరమగ్గాల కుటుంబం. కోడలు సుజాత కుక్కను ఎత్తుకుని లోపలికి వచ్చింది. అత్త లచ్చవ్వ బయట బెంచీ మీద కూర్చుంది.

"ఏమైంది బిడ్డా?"

"తింటలేదు మేడం. మా మామ సచ్చిపోయిండు, ఎనిమిది రోజులాయె. మామకు గీ టైగరంటే పానం. అప్పటిసంది ఏడుస్తనే ఉన్నది, సూడుండ్రి."

కుక్క కుడికన్ను కింద నిజంగానే తడి ఉంది. ఎడమకన్ను పొడిగా ఉంది. దుఃఖమైతే ఒక్క కన్నే ఏడవదు.

"శుక్రవారం పదకొండోనాడు, మామ దినాలున్నయ్ మేడం. అప్పటిలోపల జర తినేటట్టు చెయ్యుండ్రి. లేకుంటె నేను ఆ ఇంట్ల బతకలేను."

కుక్క తినకపోతే ఈమె బతకలేకపోవడం ఏమిటని అడిగాను. మూడోనాడు పిట్టకు పెట్టారట. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూడటం మా దగ్గరి ఆచారం. ఎంతసేపు చూసినా కాకి రాలేదు. మామకు ప్రాణమైన జీవం కదా, ఇది తిన్నా ఆయన తిన్నట్టేనని ఎవరో అన్నారు. సుజాత వండిన మటన్‌ను టైగర్ ముందు పెట్టారు. అది ఆశగా వచ్చి ముక్క నోట పట్టి, కుయ్యిమని వదిలేసి, గోడ వెనక్కి పరుగెత్తింది. చుట్టాలందరూ చూశారు. అత్త అందరి ముందే అందట: "సూసిన్రా? దీని చేతి కూడు బతికున్ననాడూ ఆయనకు సయించలే, గిప్పుడూ సయిస్తలేదు." ఆనాటి నుంచి కుక్క వదిలేసిన ప్రతి ముద్దా సుజాత మీద నేరమైంది.

పెదవి ఎత్తి చూశాను. పళ్ళ మీద గోధుమరంగు గార రాయిలా కట్టింది. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బాయి. పై వరసలో కుడివైపు, మాంసం కొరికే పెద్ద పన్ను విరిగి ఉంది. ఆ పంటి వేళ్ళు కంటి కిందిదాకా పోతాయి. వేరు దగ్గర చీము గూడు కడితే దాన్ని అబ్సెస్ అంటాం. అది చర్మం చీల్చుకుని కంటి కింద కారుతుంది. వాళ్ళు కన్నీళ్ళనుకున్నది చీము. ఆ మాటే సుజాతకు చెప్పి, అడిగాను.

"ఇంతకుముందు ఏం తినేది?"

"మామ పెడితేనే తినేది. అన్నం మెత్తగ పిసికి, పాలు పోసి పెట్టెటోడు. చాయిల బిస్కెట్ ముంచి నోట్లె పెట్టెటోడు."

"ఎప్పటిసంది?"

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. "రెండేండ్లాయె. అంతకుముందు బొక్కలు కూడ కొరికేది." అని కుక్క మొహం వైపు చూసింది. "అంటే మామకు ఎరుకేనా మేడం?"

నొప్పి ఉందని ఆయనకు తెలిసే ఉంటుంది. దానికి మందుందని తెలిసినట్టు లేదు.

నేను బయటికి వెళ్ళి లచ్చవ్వను పిలిచాను. "అక్కా, ఒక్కసారి లోపటికొచ్చి దీని నోరు సూడు."

"నాకెందుకు చెల్లె, గా కంపు? మీరే సూసుకోండ్రి" అంది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

ఆ రోజు రక్తపరీక్ష చేసి, ఎక్స్‌రే తీశాం. వేరు చివర నల్లని మచ్చ కనబడింది, చీము ఎముకను తిన్న జాడ. బుధవారం పొద్దున మా డాక్టరు అనస్తీషియా ఇచ్చి స్కేలింగ్ చేశారు, అంటే యంత్రంతో గార తీశారు. పెద్ద పంటిని మూడు ముక్కలుగా కోసి, మూడు వేళ్ళూ విడివిడిగా పీకారు. వదులైన చిన్నవి మరో రెండు తీశారు. ముసలి ప్రాణం, అందుకని గుండె కొట్టుకోవడం వింటూ నేను పక్కనే నిలబడ్డాను. కుక్కను బల్ల మీంచి దించేసరికి నా నడుము పట్టేసింది.

శుక్రవారం సాయంత్రం సుజాత ఫోన్ చేసింది. "తిన్నది మేడం! అందరి ముంగట, మెత్తగ పిసికిన అన్నం మొత్తం తిన్నది." వెనక డప్పులు వినబడుతున్నాయి.

తర్వాతి వారం కుట్లు చూపించడానికి ఇద్దరూ వచ్చారు. లచ్చవ్వ ఈసారి నవ్వుతూ లోపలికి వచ్చింది.

"మా ముసలాయన కోపం తీరింది చెల్లె. కోడలి తప్పు మన్నించిండు."

"తప్పేం లేదక్కా. పన్ను ఇరిగింది, చీము పట్టింది. రెండేండ్ల సంది నొస్తుంది దానికి."

"రెండేండ్ల సంది నొస్తె ఆయన పెడితె ఎట్ల తిన్నది?"

"మెత్తగ పిసికి పెట్టిండు కాబట్టి."

"నేననేది గదే కద! ఆయన పిసికి పెట్టిండు. నా కోడలు పెట్టలే."

నా దగ్గర ఎక్స్‌రే ఉంది. తీసి చూపించాను. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుని, "మంచిగున్నది" అని తిరిగి ఇచ్చేసింది.

సుజాత కుక్కను ఎత్తుకుంటూ మెల్లగా అంది: "ఇడిసిపెట్టుండ్రి మేడం. తిడుతలేదు గిప్పుడు, గంతే సాలు." ఏ తప్పూ చేయని మనిషి మన్నింపు పుచ్చుకుని వెళ్ళిపోయింది.

కుక్కకు మెత్తని బ్రష్‌తో పళ్ళు తోమాలని, మనుషుల పేస్టు వాడకూడదని, తిండి మానకముందే నోరు తెరిచి చూడాలని వచ్చినవాళ్ళందరికీ చెబుతాను. ఈ కేసు తర్వాత ఇంకొకటి చేర్చుకున్నాను. పన్ను పీకకముందే, జంతువును తెచ్చినవాళ్ళనే కాదు, కూడా వచ్చినవాళ్ళందరినీ పిలిచి ఆ నోరు చూపిస్తాను. పీకేశాక అది ఎవరికి నచ్చిన కథ అయినా అవుతుంది. సగం మంది ముక్కు మూసుకుని బెంచీ మీదే ఉండిపోతారు. వాళ్ళను రెండోసారి కూడా పిలుస్తాను.