సైరన్ మోగితే బయటికి

మా అమ్మాయి చదివే కంపెనీ కాలనీ బడిలో మీటింగు జరుగుతుండగా గని సైరన్ మోగింది. నేనొక్కదాన్నే లేచి నిలబడ్డాను.

చిన్నప్పుడు మా ఊరి బడి ఓపెన్‌కాస్టు గని పక్కనే ఉండేది. బ్లాస్టింగు సైరన్ వినగానే పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని బయటికి ఉరికేవాళ్లం. బాగుచేసేవాళ్లు లేని కప్పు నుంచి పెచ్చులు రాలేవి. అన్ని బళ్లలోనూ అంతేననుకునేదాన్ని.

ఒకసారి పరీక్ష రాయడానికి ఇదే కాలనీ బడికి వచ్చాను. సైరన్ మోగగానే అట్ట నెత్తిన పెట్టుకుని గుమ్మం దాకా ఉరికాను. ఎవరూ కదల్లేదు.

"జల్ది బయటికి రాండ్రి! కప్పు కూలుతది!" అని అరిచాను.

పిల్లలు గొల్లున నవ్వారు. అంతలోనే ధన్‌మని పేలింది. కిటికీలు అదిరాయి గాని పైనుంచి సున్నం కూడా రాలలేదు.

"కాలనీ పిల్లలకు భయమే లేదే," అన్నాను ఇంటికెళ్లి అమ్మతో. వాళ్ల ధైర్యమంతా ఆ కప్పుదేనని అప్పుడు తెలియదు.

"కూసో అమ్మా, ఏం కాదు," అంటూ ఇప్పుడు మా అమ్మాయి చెయ్యి పట్టి లాగింది.

కూర్చున్నాను. పేలుడు వినబడేదాకా దాని నెత్తి మీదినుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.