లైన్‌మన్‌కి మిగిలిన మాట

పక్షవాతం వచ్చి లేచాక లైన్‌మన్ నోట ఒక్కటంటే ఒక్కటే మాట మిగిలింది: "లైను."

ముప్పయ్యేళ్లు కరెంటు స్తంభాలెక్కి దిగిన మనిషి. మాటల పుట్ట. అలాంటివాడు ఇప్పుడు ఫోన్ మోగితే "లైను" అంటాడు, తీగ మీద బట్టలు వానకి తడుస్తుంటే "లైను" అంటాడు, ఆసుపత్రిలో ఎవడైనా వరస తప్పి ముందుకు దూరితే కళ్లెర్రజేసి మరీ "లైను!" అంటాడు. చారల గుడ్డ చూసినా అదే. వింతేమిటంటే, ఇవన్నీ ఆ ఇంగ్లీషు మాటకున్న అర్థాలే. ఆకలేసినా అదే అంటాడు. అక్కడ నిఘంటువు చేతులెత్తేస్తుంది గానీ ఆయన భార్య ఎత్తదు. ఆమె టైలరు. ఏ "లైను" ఏదో గొంతు పట్టి చెప్పేస్తుంది.

అయినా లోపల బెంగే. మాట నేర్పే డాక్టరమ్మ ముందే చెప్పింది: "రెండో మాట ఒక్కటి రానివ్వండమ్మా, దాని వెనక మిగతావీ రావచ్చు. ఆలస్యమైనకొద్దీ కష్టం." ఐదు నెలలైంది. రెండో మాట జాడ లేదు.

ఒకరోజు డాక్టరమ్మ లావుపాటి నిఘంటువు ముందేసుకు కూర్చుంది. "ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా అమ్మా? అవిసె నారలో! లాటిన్‌లో నారదారానికి ఉన్న పేరట. ఆ దారం లాగి పట్టి గీతలు గీశారు. పోను పోను గీతకీ, వరసకీ, చివరికి తీగకీ అదే పేరైంది."

"అయితే నా మిషను మీది దారమేనన్నమాట! స్తంభమెక్కి ఎంత బడాయి పోయేవాడు తల్లీ ఈయన!" అని నవ్వబోయి టైలరమ్మ ఆగిపోయింది. సెలవురోజుల్లో ఆయన మిషను పక్కన స్టూలేసుకు కూర్చునేవాడు. దారం తెగినప్పుడల్లా "లైను తెగిందే!" అని ఏడిపించేవాడు. "నాకు కళ్లు లేవా?" అని ఆమె కసిరేది.

ఆమె ఆ సంగతి చెప్పగా విని డాక్టరమ్మ, "ఆ స్టూలు మళ్లీ వెయ్యండి" అంది.

మర్నాడే వేసింది. "తెగే దారం ఇవ్వు నాయనా" అని అడిగితే కొట్టువాడు ఆమెను ఎగాదిగా చూశాడు. ఆ దారం పదిసార్లు తెగింది. పదిసార్లూ ఆయన "లైను" అని ఊరుకున్నాడు. రెండు వారాలు అదే తంతు. ఆ దారంతో కుట్టిన జాకెట్టు కుట్లు ఊడిపోయి పక్కింటామె మొహం మాడ్చుకుంది. చివరికి విసుగెత్తి ఆ రీళ్లు అవతల పారేసి, టైలరమ్మ మంచి దారమే ఎక్కించుకుంది. స్టూలు మాత్రం తియ్యలేదు.

ఆ శుక్రవారం బడిపిల్లల గౌన్లు పన్నెండు, మధ్యాహ్నానికల్లా ఇవ్వాలి. ఆదరాబాదరాగా కుడుతుంటే, పన్నెండో గౌను మెడ దగ్గర ఆ మంచి దారమే పుటుక్కుమంది.

"లైను..." అన్నాడు పక్కనుంచి. ఆమె పట్టించుకోలేదు. ఆయన స్టూలు అంచు గట్టిగా పట్టుకున్నాడు. పెదాలు వణికాయి. "దా... దారం. తెగిందే."

"నాకు కళ్లు లేవా? చెప్పొచ్చావు పెద్ద!" అని కసిరి, దారం కొస నోట తడిపి సూదిలోకి ఎక్కించబోయి, ఆమె అలాగే బిగుసుకుపోయింది.

బెజ్జం కనిపించలేదు. కళ్లనిండా నీళ్లు.

"నిజంగానే కనపడట్లేదయ్యా" అంది. "ఏమైందో ఇంకోసారి చెప్పు."

"తెగింది" అన్నాడాయన, ఈసారి తడబడకుండా.