గంప ఆనించే బల్ల

ముప్పయ్యొక్క ఏళ్లు పొన్నుత్తాయి తడి నేల మీదే కూర్చుని అన్నం తింది. మున్నారు కొండల్లో తేయాకు కోసే ఆడవాళ్లందరిదీ అదే తీరు: ఒక చేత్తో ముద్ద, ఇంకో చేత్తో కాలికి పట్టిన జలగ. నడుం పడిపోతున్నా ఆమె ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. చూసి తట్టుకోలేనిది ఆమె మొగుడు, తోట వడ్రంగి సుడలైమణి.

వాళ్లు కూర్చుని తినేందుకు బల్ల చేద్దామని, కూలిపోయిన కూలీల పాత ఇళ్ల టేకు దూలాలు అడిగాడు. "తీసుకుపో, ఎటూ పొయ్యిలోకే" అన్నాడు కూలీల మీద అజమాయిషీ చేసే కంగాణి.

మేకు కొడితే తుప్పు పట్టి చెక్కను తినేస్తుంది. అందుకని చెక్కల కొసలు సన్నగా కుసులుగా చెక్కి, బెజ్జాల్లో దిగ్గొట్టి చెక్కచీలలు బిగించాడు. వాన నీళ్లు జారిపోయేలా పలకల మధ్య వేలంత సందు వదిలాడు. పొన్నుత్తాయిని వీపున గంపతోనే పీట మీద కూర్చోబెట్టి, గంప అడుగు ఎంత ఎత్తుకొచ్చిందో గుర్తు పెట్టుకున్నాడు.

"పెళ్లినాడు కూడా నన్నింతసేపు చూళ్లేదు గదయ్యా."

"అప్పుడు గంప లేదుగా. కదలకు."

బల్లకు రెండు వైపులా బెంచీలు, వాటి వెనక, గుర్తు పెట్టుకున్న ఎత్తున, ఒక్కో చెక్క అరుగు. గంపను మోసే నెత్తి పట్టీ విప్పకుండానే, గంపను దాని మీద ఆనించి తినొచ్చు.

తోటలో వేసిన ఆ బల్ల దగ్గర తొమ్మిది మధ్యాహ్నాలు పన్నెండు మంది తిన్నారు. "మేస్త్రీ అన్నా, చెయ్యి కడగడానికి బంట్రోతును కూడా పెట్టించు" అని ఒకామె ఆటపట్టించింది. పొన్నుత్తాయి మాత్రం చారన్నం చివరి మెతుకు దాకా తీరిగ్గా తింది.

పదోనాడు కంగాణి పురమాయిస్తే ఎనిమిది మంది మోసుకెళ్లి దాన్ని అతిథుల బంగళా పచ్చికలో వేశారు.

"అది ఆడవాళ్లకని చేశానయ్యా" అన్నాడు సుడలైమణి.

"వాళ్లకు నేలుందిగా" అన్నాడు కంగాణి.

ఆ మధ్యాహ్నం కింద కూర్చున్న పొన్నుత్తాయి మళ్లీ లేవలేకపోయింది. ఇద్దరు రెక్కలు పట్టి లేపారు. ఇంక కొండ ఎక్కలేదు. వానాకాలం దాటలేదు.

కర్మకాండ అయిన వారానికి, బల్లకు నూనె పట్టించమని కబురొచ్చింది. అతిథి ఒకాయన అరుగు మీద కెమెరా పెట్టి, "ఇదెందుకు?" అని అడిగాడు. సుడలైమణి నోరు తెరిచేలోగా కంగాణి అందుకున్నాడు: "మీ సామాన్లకేనండీ."

సుడలైమణి అరుగుకు కూడా నూనె పట్టించి, ఇంటికి వచ్చేశాడు.

సుడలైమణి అడిగితే కసురుతారు. అతిథిగా వెళ్లి మీరడిగితే జవాబు చెప్పక తప్పదు. ఆ కొండలకు వెళ్తే, పచ్చికలో టీ తాగే ముందు, ఆకు కోసేవాళ్లు అన్నం ఎక్కడ తింటున్నారో అడగండి. వెళ్లి చూడండి. బంగళాలో అభిప్రాయాల పుస్తకం ఉంటుంది. వాళ్లకు బల్లలు వేయమని, మీ పేరూ ఊరూ పెట్టి అందులో రాయండి.