డబ్బాలో దాచిన గొంతు

మా బావని అందరూ మైకు అనే పిలిచేవారు. బస్టాండులో ఏ బస్సు ఎక్కడికి, ఏ ప్లాట్‌ఫారం మీదికి, ఎంత ఆలస్యంగా వస్తుందో చెప్పే గొంతు ఆయనదే. డ్యూటీ దిగి ఇంటికొచ్చినా ఆ గొంతుకి సెలవు లేదు. స్నానాల గది తలుపు ముందు నిలబడి, "లోపల ఉన్న మహిళ వెంటనే బయటికి రావలసిందిగా కోరుతున్నాం" అని ప్రకటించేవాడు. లోపల్నుంచి మా అక్క చెంబు తలుపుకేసి కొట్టిన చప్పుడు వినిపించేది. వాళ్లింటికి వెళ్లిన ప్రతిసారీ నాకు తలనొప్పి ఖాయంగా వచ్చేది.

గొంతులో గడ్డ ఉందని, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని డాక్టరు చెప్పినప్పుడు ఆయన తన గురించి ఒక్క మాట అడగలేదు. "ఈ సంగతి మా అమ్మకి ఎవరు చెప్తారు?" అన్నాడు. బావ వాళ్లమ్మకి, అదే మా అత్తయ్యకి, చూపు పోయి చాలా ఏళ్లయింది. కూతురి దగ్గర, బస్సులో వెళ్తే పూట పట్టే దూరంలో ఉంటుంది. ఆ కూతురు ఆసుపత్రిలో నర్సు. ఆవిడ సాయంత్రం డ్యూటీకి వెళ్లాక అత్తయ్య ఒంటరిగా కూర్చుని కొడుక్కి ఫోను చేస్తుంది. ఒకసారి బావ ఫోను ఎత్తకపోతే కంగారుపడి తడుముకుంటూ మెట్లమీదికి వచ్చేసి, పడి తుంటి విరగ్గొట్టుకుంది. పైగా గుండె జబ్బు. చెప్పకూడదని బావ తేల్చేశాడు. ఆయన తేల్చాడంటే ఇక మాట్లాడడానికి ఏమీ ఉండదు.

అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. నాది పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. చావుకి సిద్ధంగా ఉన్న లాప్‌టాప్‌లో విండోస్ బదులు తేలికైన లైనక్స్ ఎక్కించి ఇంకో నాలుగేళ్లు బతికించడం నా వృత్తి. అలాంటిదొకటి బావకిచ్చి, అందులో ఒక ప్రోగ్రాం పెట్టాను. తెర నిండా గళ్లుంటాయి. ఒక్కో గడిలో ఒక్కో మాట రికార్డు చేసుకోవచ్చు, తర్వాత గడి నొక్కితే ఆ మాట వినిపిస్తుంది. ఆపరేషన్‌కి ముందే బావ కిటికీలకి దుప్పట్లు కట్టి, గదిలో ఒక్కడే కూర్చుని రికార్డు చేశాడు. ఊ. అవునమ్మా. తిన్నావా? మందులు వేసుకున్నావా? ఇవాళ డ్యూటీలో అలిసిపోయానే. సరే, పడుకో. చివరికి దగ్గు కూడా.

ఆపరేషన్ అయ్యాక రోజూ జరిగేది ఇదే. ఫోను మోగుతుంది, అక్క ఎత్తి స్పీకరులో పెడుతుంది. అత్తయ్య మాట్లాడుతుంది. బావ వేలితో ఫలానా గడి అని చూపిస్తాడు, అక్క నొక్కుతుంది. మెడకి గుడ్డ చుట్టుకుని, తన గొంతు తనే వింటూ కూర్చుంటాడు. చూడలేక నేను ఆ వేళకి వాళ్లింటికి వెళ్లడం మానేశాను.

ఇక ఆ రోజు సంగతి. పొద్దు వాలుతుండగా కొట్లో ఫోను మోగింది.

"ఒరేయ్, మీ బావ గొంతు పోయింది," అంది అక్క.

"ఎప్పుడో పోయింది కదక్కా!"

"అది కాదురా వెధవా, రెండోసారి పోయింది! ప్రోగ్రాం తెరిస్తే గళ్లన్నీ ఖాళీ. అత్తయ్య ఫోను చేసే వేళవుతోంది. పరిగెత్తుకు రా!"

షట్టరు దించి పరిగెత్తాను. సగం దారిలో గుర్తొచ్చింది, నా ఫోను కొట్లోనే బల్లమీద ఉండిపోయిందని. వెనక్కి వెళ్లే వ్యవధి లేదు.

లాప్‌టాప్ భోజనాల బల్లమీద ఉంది. బావ దాని ముందు కదలకుండా కూర్చున్నాడు. అక్క జుట్టు విరబోసుకుని గదంతా తిరుగుతోంది. ఏం చేశావో మొదట్నుంచి చెప్పమన్నాను.

"డిస్కు నిండిపోయిందని పొద్దున్నుంచి ఒకటే పోరు పెడుతోంది. నువ్వు చెప్పావు కదా, అక్కర్లేనివి సాఫ్ట్‌వేర్ సెంటర్‌లోకి వెళ్లి తీసెయ్యొచ్చని. వెళ్లి చూస్తే బావ ప్రోగ్రాం రెండుసార్లుంది. అదే పేరు, అదే బొమ్మ. ఒకటి కాస్త చోటే తింటోంది, ఇంకోటి బోలెడు. ఒకే వస్తువు రెండెందుకని పెద్దది పీకేశాను."

సాఫ్ట్‌వేర్ సెంటర్ చూడడానికి ఒకటే కొట్టు. కావలసిన ప్రోగ్రాం పేరు కొడితే బొమ్మతో సహా చూపిస్తుంది, బటన్ నొక్కితే దించి పెడుతుంది. కానీ వెనక గోడౌన్లు వేరువేరు. ఒకటి ఆ లైనక్స్ తయారుచేసిన వాళ్ల సొంత గోడౌను. అక్కడి సరుకు చిన్నది, నమ్మకమైనది, కాస్త పాతది. రెండోది ఫ్లాట్‌పాక్. అక్కణ్ణుంచి వచ్చే ప్రోగ్రాం తనకి కావలసిన సరంజామా అంతా తన డబ్బాలోనే వేసుకుని వస్తుంది, అందుకే అంత పెద్దది. మనం అందులో దాచుకున్నవి కూడా ఎవరితోనూ కలపకుండా తన గదిలోనే పెట్టుకుంటుంది. ఏది ఏ గోడౌను నుంచి వచ్చిందో పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ అక్షరాలు చదివేవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు.

పాత రకంలో రికార్డింగు సరిగ్గా రాక, నేను బావకి డబ్బా రకం పెట్టాను. మరి రెండోది ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

"పోయిన నెల అప్‌డేట్ ఏమైనా వచ్చిందేమోనని దాని పేజీ తెరిచాను," అంది అక్క. "ఇన్‌స్టాల్ అని కనిపించింది. కొత్తదేమో అనుకుని నొక్కాను."

అదీ సంగతి. సెంటరు తన సొంత గోడౌను సరుకునే ముందు చూపిస్తుంది. డబ్బా రకం అప్పటికే ఇంట్లో ఉన్నా, ఆ పేజీలో ఇన్‌స్టాల్ అనే కనిపిస్తుంది. అక్క ఒట్టి ఖాళీ గళ్ల ప్రోగ్రాంని ఉంచి, బావ గొంతు ఉన్నదాన్ని సాగనంపింది.

"తీసేశాక ఇంకేమైనా అడిగిందా?"

"ఏదో అడిగింది. దాని డేటా కూడా చెరిపెయ్యాలా అని."

"నువ్వేం నొక్కావు?"

బావ తలెత్తి అక్కనే చూస్తున్నాడు.

"గుర్తులేదురా," అంది. "పాలు పొంగుతుంటే అటు పరిగెత్తాను. నొక్కానో లేదో నిజంగా గుర్తులేదు."

నాకు కోపం వచ్చింది. కాపీ తీసి ఇంకోచోట పెట్టండని నెలలుగా మొత్తుకుంటున్నాను. రేపు, ఎల్లుండి అంటూ దాటేశారు. అయినా ఆ మాట ఇప్పుడంటే ఏం లాభం? నోరు మూసుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ప్రోగ్రాం పేజీ తెరిచాను. మూలన గోడౌను పేరు ఉన్నచోట నొక్కి, ఫ్లాట్‌పాక్‌కి మార్చాను. పేజీ ఒక్క క్షణం తెల్లబోయి మళ్లీ నిండింది. పైన ఒక పట్టీ వచ్చింది. ఈ ప్రోగ్రాం ఇప్పుడు లేదు గానీ దాని డేటా ఇంకా మిగిలి ఉంది అని రాసుంది.

"ఉంది! అక్కా, ఉంది! నువ్వు నొక్కలేదు!"

అక్క అక్కడే నేలమీద కూలబడింది. వెంటనే లేచి, "ఏదీ, ఎక్కడ?" అంటూ తెర మీదికి వంగి వేలు పెట్టబోయింది. అది వేలితో ముట్టుకున్నా పనిచేసే తెర. ఆ పట్టీ చివరనే ఉంది, మొత్తం చెరిపెయ్యి అన్న బటన్. బావ అక్క మణికట్టు గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాడు. అంత గట్టిగా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అక్క చెయ్యి ఎర్రబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఇన్‌స్టాల్ నొక్కాను. వాళ్లింట్లో ఉన్నది ఒకే ఫోను, దాని ఇంటర్నెట్టే లాప్‌టాప్‌కి కూడా. ఎంత దిగిందో చూపించే గీత నత్తలా కదులుతోంది. ప్రోగ్రాం ఒక్కటే అయితే సరే, దాని సరంజామా అంతా దిగాలి. ఈలోగా ఆ దాచిన గదిలోకి నేరుగా వెళ్లి వెతికాను. రికార్డు చేసిన ముక్కలున్నాయి, కుప్పలుగా ఉన్నాయి, అన్నిటికీ అర్థంపర్థం లేని అంకెల పేర్లే. ఒకటి నొక్కితే, "ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవారు" అంది. ఇది ఎందుకు రికార్డు చేశాడో ఆ దేవుడికే తెలియాలి. ఇంకోటి నొక్కితే దగ్గు. ఏ ముక్క ఎక్కడుందో వెతికి పట్టుకుంటూ ఫోను మాట్లాడడం మనవల్ల అయ్యే పని కాదు.

గీత సగం దాటింది. "మీ ఆడపడుచుకి చేసి కాసేపు ఆపమను," అన్నాను.

"ఆవిడ డ్యూటీలో ఫోను ఎత్తదు. పైగా ఇప్పుడు ఫోను చేస్తే నీ ఇంటర్నెట్ ఆగిపోదూ?"

నిజమే. ఆ పాత ఫోనుకి ఒకసారికి ఒకటే పని చేతనవును. మాట్లాడితే ఇంటర్నెట్ ఉండదు, ఇంటర్నెట్ ఉంటే మాట్లాడకూడదు. ముగ్గురం గీతని చూస్తూ కూర్చున్నాం. ఇంకొంచెం, ఇంకొంచెం అని లోపల మొక్కుకుంటున్నాను.

ఫోను మోగింది. గీత ఆగిపోయింది.

"కట్ చెయ్యి," అన్నాను. "మళ్లీ చేస్తుందిలే, ఈలోగా అయిపోతుంది."

"కట్ చేస్తే మెట్లమీదికి వచ్చేస్తుందిరా!"

"అయితే నువ్వు ఎత్తి, ఆయన స్నానంలో ఉన్నాడని చెప్పు!"

అక్క ఫోనందుకోబోయింది. అంతకన్నా ముందే బావ అందుకున్నాడు. ఆపరేషన్ అయినప్పట్నుంచి ఆయన ఫోను ముట్టుకోవడం అదే మొదలు. నొక్కి స్పీకరులో పెట్టాడు.

"తిన్నావా నాన్నా?" అంది అత్తయ్య.

అక్క అలవాటు కొద్దీ ఖాళీ గడినే నొక్కింది. ఏమీ రాలేదు.

"వింటున్నావా?"

బావ ఫోనుని నోటి దగ్గరికి తీసుకెళ్లలేదు. మెడకి చుట్టుకున్న గుడ్డ పక్కకి జరిపి, ఆపరేషన్‌లో మెడకి పెట్టిన, ఊపిరి తీసుకునే రంధ్రం దగ్గర పెట్టుకున్నాడు. బలంగా ఊదాడు. బుస్సుమని తడిసిన గాలి చప్పుడు వచ్చింది. మళ్లీ ఊదాడు.

అవతల చాలాసేపు మాట లేదు. నేను అక్క భుజం పట్టుకుని నిలబడ్డాను. అయిపోయింది, ఆవిడకి ఏదో అయిపోయింది అనుకున్నాను.

"ఇవాళ నువ్వే ఎత్తావా?" అంది అత్తయ్య.

బావ కళ్లు మూసుకున్నాడు.

"నా మాట ఎప్పుడైనా పూర్తిగా చెప్పనిచ్చావట్రా నువ్వు? సగంలోనే అందుకునేవాడివి. కొన్ని నెలలుగా నేనెంతసేపు మాట్లాడినా బుద్ధిగా వింటున్నావు. అయ్యాక ఊ అంటున్నావు. ఆ ఊ నీదే, అది నాకు తెలీకపోవడమేం? ఎవరో దాచిపెట్టి వినిపిస్తున్నారు. నువ్వు లేవనుకున్నాన్రా. నీ పెళ్లాం, నీ చెల్లెలు కలిసి ముసల్దానికి తెలీనివ్వకూడదనుకున్నారేమో అనుకున్నాను. అడిగితే ఉన్నాడని చెప్తారో, లేడని చెప్తారో. భయమేసి అడగలేదు. రోజూ ఫోను చేసి తిన్నావా అనే అడిగాను."

అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. అత్తయ్యకి బాధ తెలియకూడదని ఇంత చేశాం. ఆవిడ మాత్రం రోజూ సాయంత్రం పోయిన కొడుకుతో మాట్లాడుతున్నాననుకుంటూ మాట్లాడింది. అది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"గొంతులో ఏం చేశారో నాకు తర్వాత చెప్దురుగాని," అంది అత్తయ్య. "ఇంకోసారి ఊదు నాన్నా."

బావ ఫోనుని మళ్లీ మెడ దగ్గరికి తీసుకెళ్లాడు.